గ్యాస్ లైను పనికి లైసెన్స్ ఉన్న ప్లంబరే కావాలా? మా ఇంట్లో జరిగింది చెబుతాను

డాలస్ దగ్గర ఇల్లు కొన్నామని, పొయ్యి మార్పించినప్పటి నుంచి వంటగదిలో అప్పుడప్పుడూ గ్యాస్ వాసన వస్తోందని రాశారు. తెలిసిన పనివాడు 150 డాలర్లకు సరిచేస్తానంటే, లైసెన్స్ ఉన్న ప్లంబర్ 400కు పైగా అడుగుతున్నాడని, అంత తేడా ఎందుకు భరించాలని అడిగారు. నాలుగేళ్ల క్రితం ఇదే ప్రశ్నకు నేను తప్పు జవాబు ఎంచుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. మీరిది చదువుతున్న సమయానికి కూడా వాసన వస్తుంటే ప్లంబర్ సంగతి తర్వాత. పిల్లల్నీ పెద్దల్నీ తీసుకుని బయటికి వెళ్లిపోండి. లైటు వేయవద్దు, వెలుగుతున్న లైటు ఆర్పవద్దు, గరాజ్ తలుపు మీట నొక్కవద్దు. ఫోను కూడా ఇంటికి దూరంగా వెళ్లాకే తీయండి. 911కు గానీ, గ్యాస్ బిల్లు మీద ఉండే అత్యవసర నంబరుకు గానీ చేయండి. మన ఊళ్లో వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి కిటికీలు తెరుస్తాం. అక్కడ గ్యాసంతా చేతికందే సిలిండర్‌లో ఉంటుంది, ఆపితే ఆగిపోతుంది. ఇక్కడ మీటరు వెనకాల ఊరంతా పరుచుకున్న గొట్టాలు ఉన్నాయి. లోపల నిలబడి లీకు ఎక్కడుందో వెతకడం మన పని కాదు.

ఇక మా కథ. వంటగదిని కొత్తగా చేయించుకుంటూ పొయ్యిని ఆరడుగులు పక్కకు జరిపించాం. పలకలు పరచడానికి వచ్చిన పనివాడే గ్యాస్ లైను కూడా పొడిగిస్తానన్నాడు. పలకల పని చాలా బాగా చేశాడు, ఈ రోజుకీ ఒక్కటి కదలలేదు. ఆ నమ్మకంతోనే సరేనన్నాం. 220 డాలర్లు తీసుకున్నాడు. చివర్లో సబ్బు నురగ రాసి, బుడగలు రావడం లేదు చూడండి అని చూపించాడు కూడా. నాకు అంతకన్నా ఏం కావాలనిపించింది.

మూడు వారాలకు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. వచ్చిన రెండో రోజే, గిన్నెల కోసం పొయ్యి పక్కన కింది అర తెరిచి, "అమ్మాయీ, సిలిండర్ వాసన వస్తోంది" అన్నారు. "ఇక్కడ సిలిండర్లు ఉండవత్తయ్యా" అన్నాను. నాకు ఏ వాసనా తెలియలేదు. ఒకే వాసనలో రోజంతా ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుందని తర్వాత తెలిసింది. మర్నాడు మళ్లీ అన్నారు. మూడో రోజు, ఎవరో ఒకరు వచ్చి చూసేదాకా పొయ్యి వెలిగించేది లేదని తేల్చి చెప్పారు. ఆమె పట్టుబట్టకపోతే నేను ఫోను చేసి ఉండేదాన్ని కాదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

గంటలోపే గ్యాస్ కంపెనీ మనిషి వచ్చాడు. పొయ్యి, నీళ్ల హీటర్, ఇంటి హీటర్ అన్నీ ఆపించి మీటరు మీది చిన్న ముల్లు చూపించాడు. ఏదీ వాడకపోయినా మెల్లగా తిరుగుతూనే ఉంది. వెంటనే మీటరు దగ్గర వాల్వు మూసి, తాళం వేసి, ఎర్ర చీటీ తగిలించాడు. మీటరు వరకు గొట్టం కంపెనీది, మీటరు దాటాక ఇంటివాళ్లది అని చెప్పాడు. లైసెన్స్ ఉన్న ప్లంబర్ బాగుచేసి పరీక్ష పెట్టాలి, నగరపాలక సంస్థ తనిఖీ అధికారి వచ్చి చూసి సరేననాలి, అప్పుడే తిరిగి గ్యాస్ ఇస్తామన్నాడు. జనవరి నెల. మూడు రోజులు వేడినీళ్లు లేవు, ఇంట్లో వెచ్చదనం లేదు. కరెంటు కుక్కర్‌లో అన్నం, పక్కింటివాళ్లు ఇచ్చిన కూరలు.

ఆ తర్వాత వచ్చిన ప్లంబర్ పని చూశాకే తేడా ఎక్కడుందో నాకు అర్థమైంది. వాసన వచ్చే చోటికి ఆయన వెళ్లనే లేదు. ముందు పొయ్యినీ హీటర్లనూ లైను నుంచి విడదీసి, కొసలన్నీ మూసి, గొట్టాల్లోకి గాలి ఎక్కించి ఒత్తిడి కొలిచే గేజ్ బిగించాడు. మా ఇంట్లో గ్యాస్ ఒత్తిడి పావు పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) మాత్రమే. పరీక్షకు ఆయన పెట్టింది 15. ఆ ఒత్తిడికి ఓర్చుకుని ముల్లు కదలకుండా నిలబడాలి. మాది కొన్ని నిమిషాల్లోనే దిగిపోయింది.

లీకులు రెండు దొరికాయి. ఒకటి మా పనివాడు పెట్టిన కొత్త జాయింటు, అర వెనకాల ఉంది. అక్కడికి ఆయన చేయి అంది ఉండదు, సబ్బు నురగ కంటికి కనిపించే జాయింట్లకే రాశాడు. అది ఫ్లేర్ ఫిటింగ్. రెండు లోహపు అంచులు ఒకదానికొకటి ఆనుకుని బిగుసుకోవడమే అక్కడ గ్యాస్‌ను ఆపుతుంది, మర మీద చుట్టే టేపు కాదు. మావాడు నీళ్ల గొట్టానికి చుట్టినట్టు తెల్ల టేపు చుట్టాడు. దానికి తోడు పాత పొయ్యి వెనకాల ఉన్న వంగే గొట్టాన్నే కొత్త పొయ్యికీ తగిలించాడు. పొయ్యి మారినప్పుడు ఆ గొట్టం కూడా మార్చాలి. రెండో లీకుతో ఆయనకు సంబంధం లేదు. అటకలో ఇంటి హీటర్‌కు వెళ్లే పాత జాయింటు ఎప్పటి నుంచో కారుతోందట. లైను మొత్తాన్ని ఒత్తిడితో పరీక్షించకపోతే అది మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇంకొకటి కూడా ఆ ప్లంబరే పట్టుకున్నాడు. మా లైను పొడిగించింది పసుపు పూత ఉన్న ముడతల స్టీలు గొట్టంతో. దాని గోడ పలచన. దగ్గర్లో పిడుగు పడితే ఆ విద్యుత్తు గొట్టానికి చిల్లు పెట్టగలదు. అందుకే రాగి తీగతో ఇంటి ఎర్తింగ్‌కు కలపాలి. మా లైనుకు ఆ తీగే లేదు. టెక్సస్ వసంతకాలపు ఉరుముల్ని చూసినవాళ్లకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

పనికి నగరం ఇచ్చే అనుమతి, అంటే పర్మిట్‌తో కలిపి మొత్తం 1,340 డాలర్లయింది. మా పనివాడు చెడ్డవాడని గానీ మోసం చేశాడని గానీ నేను అనను. ఆయన పనిని మరొకరు పరీక్షించే ఏర్పాటు లేకపోవడమే అసలు లోపం. లైసెన్స్ ఉన్నవాడు కూడా పొరపాటు చేయవచ్చు. కానీ పర్మిట్ తీసుకుంటే ఆ పొరపాటు తనిఖీ అధికారి కంట పడుతుంది. మీరు అదనంగా చెల్లించేది ఆ రెండో కంటి కోసం.

టెక్సస్‌లో ఈ మాటకు బరువెక్కువ. డాలస్‌కు తూర్పున న్యూ లండన్ అనే ఊరు ఉంది. 1937 మార్చి 18న అక్కడి బడి గ్యాస్ పేలి కూలిపోయింది. సుమారు 295 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువ మంది పిల్లలు. ఖర్చు తగ్గుతుందని, డబ్బు కట్టి తెప్పించుకునే గ్యాస్ మానేసి దగ్గర్లోని చమురు క్షేత్రం గొట్టానికి బడి లైను కలిపించారు. ఆ గ్యాస్‌కు వాసన లేదు. నేల కింది ఖాళీలో నిండిపోతున్నా ఎవరికీ తెలియలేదు. గ్యాస్‌కు వాసన కలపాలని టెక్సస్ చట్టం చేసింది ఆ తర్వాతే. మా అత్తగారి ముక్కుకు తగిలిన ఆ కుళ్లు వాసన వెనక అంతమంది పిల్లలున్నారు.

ఇక మీరు చేయాల్సింది. ఇక్కడ ప్లంబర్లకు లైసెన్స్ ఇచ్చేది టెక్సస్ స్టేట్ బోర్డ్ ఆఫ్ ప్లంబింగ్ ఎగ్జామినర్స్. పేరు గానీ నంబరు గానీ ఇస్తే, లైసెన్స్ ఇప్పటికీ చెల్లుతోందో లేదో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో నిమిషంలో చూసుకోవచ్చు. పనికి బాధ్యత వహించే మాస్టర్ ప్లంబర్ నంబరు వాళ్ల వ్యాను మీద రాసి ఉండాలి, బీమా కూడా ఉండాలి. పైపు పట్టుకుని వచ్చేవాడు కింది స్థాయి లైసెన్స్ ఉన్నవాడైనా ఫర్వాలేదు, పైన మాస్టర్ ఎవరో అడగండి. మీ ఇంట్లో గ్యాస్ వీధి లైను నుంచి కాక పెరట్లోని ప్రొపేన్ ట్యాంకు నుంచి వస్తుంటే సంగతి వేరు. ప్రొపేన్ పనివాళ్లకు లైసెన్స్ ఇచ్చేది రైల్‌రోడ్ కమిషన్. పేరు అలా ఉన్నా అది టెక్సస్‌లో చమురు, గ్యాస్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ.

సొంత ఇంట్లో యజమాని స్వయంగా ప్లంబింగ్ చేసుకోవచ్చు కదా అని ఎవరో ఒకరు మీకు చెబుతారు. చట్టంలో ఆ వెసులుబాటు నిజమే. అది యజమాని చేతికి మాత్రమే, 150 డాలర్లు తీసుకుని వచ్చేవాడికి వర్తించదు. మీరే చేసుకున్నా నగరం అడిగే పర్మిట్, తనిఖీ తప్పవు.

పెరట్లో గ్రిల్‌కు లైను వేయించే ఆలోచన కూడా ఉందన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. తవ్వే ముందు 811కు ఫోను చేసి పని రోజుల లెక్కన కనీసం 48 గంటలు ఆగండి. ఉచితంగా వచ్చి భూమిలోని గొట్టాలకు గుర్తులు పెడతారు. అయితే మీటరు దాటి మీ పెరట్లో పాత యజమాని వేయించిన సొంత గొట్టాలకు వాళ్లు గుర్తు పెట్టరు. వాటి సంగతి ప్లంబర్‌నే అడగాలి. ఇక్కడి నల్లమట్టి మన నల్లరేగడిలాగే వానకు ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. ఆ కదలికకు భూమిలో గొట్టాలు ఒత్తిడికి లోనవుతాయి.

400 అడిగిన ప్లంబర్‌కు మళ్లీ ఫోను చేసి, ఆ ధరలో లైను మొత్తానికి ఒత్తిడి పరీక్ష ఉందా, పర్మిట్ ఎవరు తీసుకుంటారు అని అడగండి. పర్మిట్ అవసరం లేదు, త్వరగా ముగించేద్దాం అంటే లైసెన్స్ ఉన్నా సరే ఇంకొకరిని చూసుకోండి. ఇంట్లో ఇప్పుడు వాసన లేకపోతే, ఈలోగా గ్యాస్‌తో నడిచేవన్నీ ఆపి మీటరు మీది చిన్న ముల్లును ఫోటో తీసి, అరగంట తర్వాత మళ్లీ చూడండి. కదిలి ఉంటే రేపటిదాకా ఆగకండి, గ్యాస్ కంపెనీకి ఫోను చేయండి. ముల్లు కదలకపోయినా ప్లంబర్ పరీక్ష మానవద్దు. ఏమైందో ఇక్కడ రాయండి, నేను చూస్తుంటాను.