పదహారుకూ పదిహేడుకూ మధ్య

ప్రశ్న: అమెరికా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌ ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల జాతీయ సంఘం) టోర్నీలో డ్రా ఎలా వేస్తారు? అది న్యాయంగానే ఉంటుందా? – ఒక పాఠకురాలు, డాలస్‌

జవాబు: కమిటీ ముందుగా 68 జట్లకూ వరసగా ర్యాంకులిస్తుంది. మొదటి నాలుగూ ఒకటో సీడ్‌లు, తర్వాతి నాలుగూ రెండో సీడ్‌లు. ఈ జట్లను రీజియన్లనే నాలుగు గుంపులుగా పంచుతారు; సీడ్‌ అంటే రీజియన్‌లో జట్టు స్థానం. ఒకటో ర్యాంకు జట్టు ఉన్న రీజియన్‌లో 8, 9, 16 ర్యాంకులు పడాలి. రెండో ర్యాంకు దగ్గర 7, 10, 15. ఏ రీజియన్‌లో ఈ నాలుగు ర్యాంకులు కూడినా 34. అయితే ఒకే కాన్ఫరెన్స్‌లోని (సీజన్‌లో తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమిలోని) బలమైన జట్లను వేర్వేరు రీజియన్లకు పంపాలి కాబట్టి ఈ లెక్క తరచూ చెదురుతుంది. ఒక రీజియన్‌ బరువెక్కిందనిపిస్తే ముందుగా ఈ మొత్తాలు కూడి చూడండి.

అసలు అన్యాయం మరోచోట ఉంది. మొదటి 16 జట్లు తొలి రెండు రౌండ్లూ సొంత కోర్టులో ఆడతాయి. ఆటలో 16, 17 ర్యాంకుల మధ్య తేడా వెంట్రుకవాసి. కానీ పదిహేడో జట్టు ఐదో సీడ్‌గా ఒక నాలుగో సీడ్‌ ఊరికి వెళ్లాలి, రెండో రౌండ్‌లో ఆ ఊరి ప్రేక్షకుల మధ్యే ఆతిథ్య జట్టుతో తలపడాల్సి రావచ్చు. పురుషుల టోర్నీలో ఎవరికీ సొంత కోర్టు ఇవ్వరు. సొంత కోర్టయితే స్టాండ్స్‌ నిండుతాయన్నది నిజమే, అయినా ఆ ఒక్క ర్యాంకుకు ఇంత ధర ఎక్కువే. సొంత కోర్టు ఉన్నంత మాత్రాన గెలుపు ఖాయం కాదనుకోండి: 1998లో పదహారో సీడ్‌ (అంటే రీజియన్‌లో అట్టడుగు స్థానం) హార్వర్డ్‌, ఒకటో సీడ్‌ స్టాన్‌ఫర్డ్‌ను వాళ్ల కోర్టులోనే 71–67తో ఓడించింది.