నల్ల స్క్రూల తలలు ఎందుకు విరుగుతున్నాయి?

ప్రశ్న: 18 మి.మీ. ప్లైవుడ్ అరను చెక్క ఫ్రేముకు నల్ల స్క్రూలతో బిగించాం. రెండింటి తలలు ఊడిపోయాయి. గోడకు, ఆరుబయట బల్లకు కూడా ఇవే వాడొచ్చా?

జవాబు: వద్దండీ. అవి జిప్సం బోర్డుకు చేసినవి. బాగా గట్టిపరచిన సన్నటి ఉక్కు కావడంతో వంగవు. అడ్డంగా బరువు పడితే పుటుక్కున విరుగుతాయి. తడి తగిలితే త్వరగా తుప్పు పడతాయి.

అరకు 4 మి.మీ. లావు, 50 మి.మీ. పొడవున్న చెక్క స్క్రూలు తీసుకోండి. స్క్రూ పొడవులో సగం కంటే ఎక్కువ కింది చెక్కలోకి దిగాలి. తల కింద కొంత భాగం మరలు లేకుండా నున్నగా ఉన్నవే మేలు, రెండు చెక్కలనూ దగ్గరకు లాగుతాయి. మొదటి నుంచి చివరిదాకా మరలుంటే మధ్యలో సందు మిగిలిపోతుంది. ముందు కింది చెక్కకు రంధ్రం తప్పనిసరి: మెత్తని చెక్కకు 2.5, గట్టి చెక్కకు 3 మి.మీ. బిట్టు. అంచుకు మరీ దగ్గరగా వేస్తే చెక్క చీలుతుంది.

గోడకైతే 8 మి.మీ. ప్లగ్గు (గోడ రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం), 5 మి.మీ. స్క్రూ. ప్లగ్గు ప్లాస్టరు దాటి ఇటుకలోకి దిగకపోతే అర మొత్తం ఊడివస్తుంది.

ఆరుబయటకు స్టెయిన్‌లెస్ స్టీలు. సముద్రపు గాలి తగిలేచోట 316 రకం. స్టెయిన్‌లెస్ కాస్త మెత్తని లోహం కాబట్టి మరలకు మైనం రాసి, డ్రిల్లును నెమ్మదిగా తిప్పండి.