చిలగడదుంపకు మొలకలొస్తే పారేయాలా?

ప్రశ్న: కొన్న చిలగడదుంపలు గంప అడుగున పడి ఉండిపోయాయి. నిన్న తీసి చూస్తే నాలుగు దుంపలకు ఊదారంగు మొలకలు వేలెడంత పొడవు వచ్చేశాయి. మా అత్తగారు ‘మొలకెత్తిన దుంప విషం, పారేయ్’ అంటున్నారు, మా ఆయనేమో మొలకలు తుంచేసి ఉడకబెట్టమంటున్నారు. పిల్లలు తినేది కదా, టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

జవాబు: ఈసారికి మీ ఆయన మాటే వినండి. అత్తగారి మీద మాత్రం విసుక్కోకండి, ఆవిడ చెప్పింది బంగాళాదుంప విషయంలో నిజం. బంగాళాదుంప మొలకెత్తినా, తోలు ఆకుపచ్చగా మారినా సోలనిన్, చాకోనిన్ అనే విషపదార్థాలు పెరుగుతాయి, ఉడకబెట్టినా అవి పోవు. పేరులో ‘దుంప’ ఉంది కదా అని మనం రెంటినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ వాటి మధ్య దగ్గరి చుట్టరికమేమీ లేదు. బంగాళాదుంపది వంకాయ, టమాటా కుటుంబం. చిలగడదుంపది తూటికూర, కాశీరత్నం తీగల కుటుంబం (నమ్మకం లేకపోతే ఎప్పుడైనా పూసినప్పుడు చూడండి, గరాటులాంటి లేత ఊదా పువ్వు). దీని మొలకల్లో ఆ సోలనిన్ గొడవ లేదు.

కాబట్టి మొలకను చూడకండి, దుంపను చూడండి. చేతిలోకి తీసుకుని బొటనవేలితో అన్ని వైపులా నొక్కండి. గట్టిగా ఉంటే మొలక తుంచి, చెక్కు తీసి వండేసుకోవచ్చు. కాస్త వడలి ముడతలు పడినా తినొచ్చు, కాకపోతే రుచి తగ్గుతుంది. మొలకకు కావలసిన తిండంతా దుంపలోంచే పోతుంది కదా, మొలక ఎంత పొడుగైతే దుంప అంత బెండులా, పీచుగా అయిపోతుంది, తీపీ తగ్గిపోతుంది. అలాంటిదాన్ని ఉత్తినే ఉడకబెట్టి పెడితే పిల్లలు ముట్టరు, కూరలోనో సూప్‌లోనో కలిపేయండి. కోసినప్పుడు తెల్లటి పాలు కారితే కంగారు పడొద్దు, తాజా దుంపకూ కారతాయి.

అసలు భయపడాల్సింది బూజుకు. మెత్తబడి నీరు కారుతున్నా, నల్లటి మచ్చ లోపలికి దిగినా, ముక్కిపోయిన వాసన వచ్చినా ఆ దుంప మొత్తం పారేయండి. చెడిన చోటు కోసేసి మిగతాది వాడుకుందాం అనుకోవద్దు. బూజు పట్టినప్పుడు దుంప తనను తాను కాపాడుకోవడానికి ఇపోమియామరోన్ అనే చేదు పదార్థాన్ని తయారు చేసుకుంటుంది, అది మచ్చ చుట్టుపక్కలకు కూడా పాకుతుంది. కొన్ని రకాల బూజు వల్ల ఊపిరితిత్తులను దెబ్బతీసే పదార్థాలు కూడా పుడతాయి, అలాంటి దుంపలు మేసిన పశువులు ఊపిరాడక చచ్చిపోయిన సందర్భాలున్నాయి. అందుకే పాడైనవాటిని పశువులకూ వేయకండి. వండితే ఈ విషాలు పూర్తిగా పోవు. నేనూ ఒకసారి పిసినారితనానికి పోయి మచ్చ చెక్కేసి వండాను, మొదటి ముక్కకే నోరంతా చేదు, గిన్నె గిన్నంతా చెత్తబుట్టలోకే పోయింది. చేదు తగిలితే మింగకండి, అంతే.

ప్రశ్న: మరి ఆ మొలకలు, ఆకులు తినొచ్చా?

జవాబు: తినొచ్చు. లేత చిగుళ్ళు, ఆకులు ఆకుకూరలాగే వండుకోవచ్చు, ముదురు కాడలు నారగా ఉంటాయి, తీసేయండి. ఆకుల్లో ఆక్సలేట్లు (కిడ్నీలో రాళ్ళకు దోహదం చేసే పదార్థాలు) ఉంటాయి, ఉడికించి ఆ నీళ్ళు వంపేస్తే కొంత తగ్గుతాయి. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు డాక్టర్‌ను అడిగి తినడం మంచిది. దీన్ని చూసి బంగాళాదుంప ఆకులు మాత్రం వండకండి బాబూ, అవి విషమే.

ప్రశ్న: మొలకెత్తిన దుంపను కుండీలో పాతితే తీగ గుబురుగా వచ్చింది, తవ్వి చూస్తే వేళ్ళు తప్ప దుంపల్లేవు. తప్పెక్కడ?

జవాబు: దుంపనే పాతేశారు, అదీ తప్పు. బంగాళాదుంపలా కాదు, దీన్ని పిలకలతో పెంచాలి. దుంపను తడి మట్టిలో అడ్డంగా, సగం పైకి కనిపించేలా పడుకోబెట్టి వెచ్చని చోట ఉంచండి. లేదా మొలకలున్న కొస పైకి వచ్చేలా గ్లాసు నీళ్ళలో సగం మునిగేట్టు నిలబెట్టి, నీళ్ళు రెండు మూడు రోజులకోసారి మార్చండి. మొలక జానెడు పొడవు వచ్చాక మొదట్లో పట్టుకుని మెల్లగా మెలిపెడితే ఊడి వస్తుంది. దాన్ని నీళ్ళలో పెడితే వారం తిరగకుండానే గణుపుల దగ్గర తెల్లటి వేళ్ళు వస్తాయి. అప్పుడు కింది ఆకులు తీసేసి రెండు మూడు గణుపులు మట్టిలోకి పోయేలా, అడుగు ఎడంగా నాటండి. ఒక్క దుంపకు అరడజను పిలకలు ఈజీగా వస్తాయి. పిలకలన్నీ తీశాక మిగిలిన తల్లి దుంపను తినాలని చూడకండి, ఎరువుకు వేసేయండి.

మీ తీగ గుబురు చూస్తే ఇంకో అనుమానం కూడా వస్తోంది, యూరియాలాంటిదేదో బాగా వేసినట్టున్నారు. నత్రజని ఎక్కువైతే బలమంతా ఆకుకే పోతుంది, దుంప ఊరదు. గుల్ల మట్టి, లోతైన కుండీ, రోజంతా ఎండ ఉండాలి. పాకే తీగను అప్పుడప్పుడు ఎత్తి వేయండి, లేకపోతే ప్రతి గణుపూ నేలలో వేరేసి కూర్చుంటుంది. రకాన్ని బట్టి మూడున్నర, నాలుగు నెలలు పడుతుంది, మధ్యలో తవ్వి చూడాలనిపిస్తుంది, తవ్వకండి.

ప్రశ్న: మొలకలు రాకుండా ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

జవాబు: పచ్చి దుంపను వద్దు. 12 డిగ్రీల కంటే చల్లబడితే నడిభాగం గట్టిపడి, ఎంత ఉడికించినా మెత్తబడదు. 13 నుంచి 15 డిగ్రీలు దానికి హాయి. అంత చల్లని గది లేకపోతే ప్లాస్టిక్ కవర్లోంచి తీసి, గాలి ఆడే చీకటి మూల పరచండి. ఉడికించినవైతే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు బాగానే ఉంటాయి.