విమర్శించడం అంటే తిట్టడమేనా?

సందేహం: మాస్టారూ నమస్కారం. నేను ఎమ్మే తెలుగు రెండో సంవత్సరం చదువుతున్నా. డిగ్రీ రోజుల నుంచి సాహిత్య వ్యాసాల పోటీలకి రాస్తూనే ఉన్నా, ఈసారి మా డిపార్ట్‌మెంట్‌లో డిగ్రీ పిల్లల వ్యాసాలు చూసి మార్కులు వేసే పని నాకే ఇచ్చారు. రాసేటప్పుడు తెలీలేదు గానీ దిద్దుతుంటే తెలిసింది, ఏది బాగుందో చెప్పడం తేలికే, ఎందుకు బాగుందో చెప్పడమే కష్టం. ఒకమ్మాయి వ్యాసం కింద "మీ వ్యాసాన్ని వివరంగా విమర్శించాను, చూసుకోండి" అని రాశా. ఆ పిల్ల "నేనేం తప్పు రాశాను అక్కా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిజానికి నేను మెచ్చుకున్నదే ఎక్కువ. ఆ మాట వాడటం నా తప్పా? ఇంకోటి, మూల్యాంకనమా మూల్యాంకణమా?

సమాధానం: అమ్మా, ఎందుకు బాగుందో చెప్పడమే కష్టం అన్నారు చూడండి, ఆ ముక్క నాకు చాలా నచ్చింది. చాలా ఏళ్ళు పేపర్లు దిద్దినవాణ్ణి, ఆ కష్టం తెలిసినవాళ్ళు దిద్దితేనే పిల్లలకి న్యాయం జరుగుతుంది. సరే, మాట సంగతికి వద్దాం.

విమర్శలో ఉన్న సంస్కృత ధాతువు, అంటే మాటకి మూలం, మృశ్. ధాతువులకి అర్థాలు చెప్పే పట్టిక ధాతుపాఠంలో "మృశ ఆమర్శనే" అని ఉంటుంది, ఆమర్శనం అంటే తాకడం, తడిమి చూడటం. చీరల కొట్లో మన ఆడవాళ్ళు రంగు చూసి ఊరుకోరు కదా, అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి నేత ఎట్లా ఉందో చూస్తారు, అదీ మృశ్. ముందు "వి" చేరాక అది చేత్తో తడమడం నుంచి మనసుతో తడమడానికి వచ్చింది, అంటే బాగా ఆలోచించి చూడటం. గీత చివరి అధ్యాయంలో కృష్ణుడు చెప్పాల్సిందంతా చెప్పేసి అర్జునుడితో "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు" అంటాడు, ఇదంతా ఏమీ వదలకుండా విమర్శించుకో, ఆ తర్వాత నీకెలా తోస్తే అలా చెయ్యి అని. అక్కడ తిట్టు అనే అర్థం పెట్టి చదవండి, ఒక్క నిమిషం కూడా నిలవదు. సంస్కృత కవి భారవి కూడా "సహసా విదధీత న క్రియాం" శ్లోకంలో తొందరపడి ఏ పనీ చెయ్యొద్దని చెప్పి, విమృశ్యకారిని, అంటే విమర్శించుకుని పనిచేసేవాణ్ణి, సంపదలు వాటంతట అవే వచ్చి వరిస్తాయన్నాడు. లలితాసహస్రనామంలో అయితే అమ్మవారి పేర్లలో విమర్శరూపిణీ అని ఒకటి ఉంది.

పరామర్శ కూడా ఈ మృశ్ కడుపున పుట్టిందే. ఎవరింట్లోనైనా మనిషి పోతే పరామర్శకి వెళ్తాం, దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకుంటాం, ధాతువులో ఉన్న స్పర్శ అక్కడ ఇంకా బతికే ఉంది. ఒక తల్లి పిల్లలే, ఒకటి మన నోట్లో ఓదార్పయింది, రెండోది తిట్టయింది.

ఇక్కడ కాస్త కోప్పడాల్సిన విషయం ఒకటుంది. ఈమధ్య చాలామంది "విమర్ష" అని టైప్ చేస్తున్నారు, పుస్తకాల అట్టల మీద కూడా చూశాను. శ తీసి ష పెడితే ధాతువే మారిపోతుందండీ. మృష్ అంటే ఓర్చుకోవడం, ఓర్చుకోలేకపోవడం అమర్షం, అంటే కోపం, అలంకారశాస్త్రం లెక్కపెట్టిన 33 వ్యభిచారిభావాల్లో, అంటే మనసులో వచ్చి పోతుండే భావాల్లో, అదొకటి. టీవీ చర్చల్లో విమర్శ అని పేరు పెట్టి చేస్తున్నది చాలావరకు అమర్షమే. "విమర్శలు గుప్పించారు", "విమర్శలు వెల్లువెత్తాయి" అని రోజూ వింటూ పెరిగిన పిల్ల "విమర్శించాను" అని చూసి ఏడవకపోతే ఎట్లా?

ఇలా అర్థం మారిన మాట ఇదొక్కటే కాదు. విచారం చూడండి. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914లో కవిత్వతత్త్వ విచారము అని పేరు పెట్టి పింగళి సూరన కావ్యం కళాపూర్ణోదయం గురించి రాస్తే ఆ విచారానికి అర్థం పరిశీలన. ఇప్పుడు విచారంగా ఉన్నావేం అంటే దిగులుగా ఉన్నావేం అని. ఆగి ఆలోచించే మనిషి మొహం మనకి దిగులు మొహంలా కనిపించి ఉంటుంది, అది నా ఊహ మాత్రమే.

ఇంతకీ విమర్శకి మన తెలుగులో సొంత మాట లేదా అంటే ఉంది, ఆదిలోనే ఉంది. భారతం అవతారికలో, అంటే ముందుమాటలో, నన్నయ గారి పద్యం మీకు నోటికి వచ్చే ఉంటుంది, అయినా రాస్తాను, ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరదు.

సారమతిం గవీంద్రులు ప్రసన్నకథాకలితార్థయుక్తి లో
నారసి మేలు నా నితరు లక్షరరమ్యత నాదరింప నా
నారుచిరార్థసూక్తినిధి నన్నయభట్టు తెనుంగునన్ మహా
భారతసంహితారచనబంధురుఁ డయ్యె జగద్ధితంబుగన్

బుద్ధి గల కవులు లోపలికి వెళ్ళి చూసి ప్రసన్నమైన కథలో ఇమిడిన అర్థాల పొందికని మేలు అనగా, మిగతావాళ్ళు అక్షరాల అందాన్ని ఆదరించగా, నన్నయభట్టు లోకహితం కోసం తెలుగులో మహాభారత రచనకి పూనుకున్నాడని తాత్పర్యం. మొదటి పాదంలో ఉన్నది కలితార్థమా కవితార్థమా అని పండితులు చాలా వాదించుకున్నారు, విశ్వనాథ సత్యనారాయణ గారు ఆ సమాసం పేరుతో ఒక పుస్తకమే రాశారు. అందరూ ఆ పెద్ద సమాసం దగ్గరే ఆగిపోతారు, నా మనసు మాత్రం పక్కనున్న చిన్నమాట మీద ఉంటుంది, "లోనారసి". లోన్ + ఆరసి. ఆరయడం అంటే వెతకడం, పరిశీలించి చూడటం, బాగోగులు కనుక్కోవడం. విమర్శ, పరామర్శ రెండూ ఇందులో ఒక్కచోటే ఉన్నాయి, అదీ అచ్చతెలుగులో! పైగా ఆ మాట పాదం చివర రెండుగా విరిగింది, "లో" అని పాదం అయిపోతుంది, "నారసి" అని తర్వాతి పాదం మొదలవుతుంది. రాగం తీసి చదివితే ఆ "లో" దగ్గర గొంతు కాసేపు నిలుస్తుంది, వినేవాడు ఆ కాసేపూ లోపలే ఉంటాడు. నన్నయ గారు కావాలని చేశారో, ప్రాసలో, అంటే ప్రతి పాదం రెండో అక్షరంలో, రకారం కోసం అట్లా పడిందో నేను చెప్పలేను గానీ చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంకా చూడండి, లోనారసి అన్న తర్వాతే "మేలు నాన్". ముందు లోపలికి వెళ్ళి చూడటం, తర్వాత మేలు అనడం. ఇప్పటి వ్యాసాల్లో మొదటి వాక్యంలోనే అద్భుతం, రెండో వాక్యంలో అమోఘం, మూడో దాంట్లో నభూతో నభవిష్యతి, పేజీ మొత్తం చదివినా ఏ మాట దగ్గర ఆగారో, ఏ పాదం వాళ్ళని పట్టుకుందో తెలీదు. దిద్దేవాళ్ళూ తక్కువ తినలేదు, గుడ్ అని ఒక మాట, కింద ఒక గీత. ఇంకో సంగతి, లోనారసేవాళ్ళు కాక మిగతావాళ్ళని నన్నయ గారు తక్కువ చెయ్యలేదు, "ఇతరు లక్షరరమ్యత నాదరింప" అని వాళ్ళకీ చోటిచ్చారు. ఒక పిల్ల పద్యం అర్థం అంతగా పట్టుకోకపోయినా దాని నడకని ప్రేమించి రాసిందనుకోండి, అదీ ఒక చదువే, ఆ ఆదరానికీ మార్కులు ఉండాలి.

ఇక మీ ప్రశ్నకి. "విమర్శించాను" అనడం తప్పు అని నేను అనను, నిఘంటువు మీ వైపే ఉంది. కానీ ఇవాళ్టి చెవి మీ వైపు లేదు. నేను గమనించినంతలో ఒక తేడా ఉంది, "సాహిత్య విమర్శ" అని ఏకవచనంలో, నామవాచకంగా ఉన్నంతసేపు ఆ మాట పరువుగానే ఉంది, "లు" చేరి విమర్శలు అయినా, "ఇంచు" చేరి విమర్శించు అయినా మనుషుల మీదికి తిరిగిపోతోంది. "మీ వ్యాసం మీద విమర్శ రాశాను" అని ఉంటే ఆ అమ్మాయి బహుశా ఏడ్చేది కాదేమో, గట్టిగా చెప్పలేను. సద్విమర్శ అని మాత్రం రాయకండి, దయచేసి. సద్ తగిలించామంటే ఉత్త విమర్శ చెడ్డదని మనమే ఒప్పుకున్నట్టు. సమీక్ష అంటే బాగా చూడటం, పరిశీలన అన్నా పర్లేదు, పిల్లల కాగితాల మీద ప్రస్తుతానికి వాటితో పని గడుపుకోండి, ఎమ్మే క్లాసులో మాత్రం విమర్శనే వాడండి, మనం కూడా వదిలేస్తే దానికి ఇంక దిక్కుండదు.

వీలైతే ఆ అమ్మాయిని పిలిచి ఈ పద్యం చదివి వినిపించండి, తన వ్యాసంలో మీకు నచ్చిన వాక్యం మీద వేలు పెట్టి చూపించండి.

మూల్యాంకనమే ఒప్పు. మూల్యం + అంకనం. సంస్కృతంలో న ణగా మారాలంటే దానికి ముందు ర గానీ ష గానీ ఋకారం గానీ ఉండాలి, ఇక్కడ ఏదీ లేదు. మీ యూనివర్సిటీ ఫారంలో ణ అచ్చయి ఉంటే పెన్నుతో దిద్దేసి సంతకం పెట్టండి.