రెండు భాషలు మాట్లాడేవారికి మతిమరుపు వ్యాధి ఆలస్యంగా వస్తుందా?

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా (మతిమరుపు వ్యాధి) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ అన్నట్లు రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి, ఒకే భాష వచ్చినవారికంటే సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వ్యాధి లక్షణాలు మొదలైనట్లు తేలింది. ఇది చదువు మహిమేమో అన్న సందేహం సహజమే గాని, అక్షరం ముక్క రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. 'నీళ్లు' అనేటప్పుడు 'పానీ'ని నోటికి రాకుండా పక్కకు నెట్టవలసి రావడం మెదడుకు నిత్య వ్యాయామమవుతుందని ఒక వివరణ. అయితే ఇటువంటి పరిశీలన భాషే కారణమని రుజువు చేయలేదు. కాబట్టి భాషల మీదే భరోసా పెట్టుకోకుండా నడక, బీపీ, షుగరు సంగతి చూసుకుంటూనే, వినికిడి తగ్గితే నామోషీ పడకుండా చెవి మిషను పెట్టుకోవాలి. వినపడనివారిలో చాలామంది క్రమంగా నలుగురిలో కూర్చోవడమే మానేస్తారు; మాటలు తగ్గితే మెదడుకు ఆ వ్యాయామమూ తగ్గుతుంది.