ఫాల్స్ సీలింగ్ మూసేముందే అడగాల్సిన ప్రశ్నలు

ప్రశ్న: నమస్తే అండీ. మా సంస్థకి నాలుగు అంతస్తుల ఆఫీసు కడుతున్నాం, గ్రీన్ సర్టిఫికెట్‌కి కూడా వెళ్తున్నాం. గాజు, ఇన్సులేషన్, సోలార్, వాన నీళ్లు అన్నీ ఆర్కిటెక్ట్ గారు దగ్గరుండి చూసుకుంటున్నారు. నెట్‌వర్క్ కేబుల్ సంగతి ఎత్తితే మాత్రం "అది చివర్లో ఐటీ వాళ్లు లాగేస్తారు లెండి" అంటున్నారు. అసలు కేబుల్‌కీ గ్రీన్ బిల్డింగ్‌కీ సంబంధం ఉందా?
— బిల్డింగ్ నిర్వహణ చూసే ఒక పాఠకురాలు

జవాబు: ఉందండీ, చాలా ఉంది. ఆ "చివర్లో" అన్న మాట దగ్గరే చిక్కంతా. ఒకసారి ఒక పాత ఆఫీసులో మార్పులు చేస్తుంటే నేనూ వెళ్లా, సీలింగ్ టైలు ఒకటి ఎత్తి టార్చ్ వేస్తే లోపల తొడ లావు కేబుల్ కట్టలు, అడుగున పాత ఫోన్ వైర్లు, వాటి మీద క్యాట్ 5, దాని మీద క్యాట్ 6 (ఇవి నెట్‌వర్క్ కేబుల్ రకాలు, అంకె పెరిగితే కొత్త రకం), మధ్యలో కెమెరాల కోయాక్సియల్ కేబుల్, కేబుల్స్ పరిచే ట్రే అన్నదే లేకుండా అన్నీ సీలింగ్ ఫ్రేమ్ మీదే పడేసి ఉన్నాయి. ఒక్కదానికీ లేబుల్ లేదు. ఏది పనిచేస్తోందో ఏది చచ్చిపోయిందో తెలీక ఎవరూ కట్టర్ పెట్టే ధైర్యం చేయలేదు, ఇక చేసేది లేక వాటి మీదే ఇంకో వరస లాగారు. అంత రాగి, అంత ప్లాస్టిక్ ఊరికే పడుంది, మంట అంటుకుంటే అదంతా మంటకి మేతే. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లో వాడకుండా వదిలేసిన కేబుల్స్‌లో చేతికి అందేవన్నీ తీసెయ్యాలని 2002 నుంచి రూల్ ఉంది, కారణం ఇదే.

ఇంకో సంగతి, లీడ్ (LEED) లాంటి గ్రీన్ బిల్డింగ్ రేటింగుల్లో కేబుల్‌కని విడిగా పాయింట్లు ఉండవు, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ కరెంటు మీటరింగ్‌కి, లైటింగ్ కంట్రోల్‌కి పాయింట్లు వస్తాయి కదా, ఆ మీటరు రీడింగ్, గదిలో మనుషులున్నారా లేదా చెప్పే సెన్సర్, కార్బన్ డయాక్సైడ్ సెన్సర్, ఇవన్నీ ఏదో ఒక వైరు మీదే మాట్లాడాలి. మామూలుగా ఏమవుతుందంటే ఏసీ వాళ్లు వాళ్ల వైరు వాళ్లు లాగుతారు, కెమెరా వాళ్లు వాళ్లది, డోర్ యాక్సెస్ వాళ్లు వాళ్లది, ఎవరి ట్రే వారిది, చివరికి గదిలో మనుషుల్లేరని లైట్ల సిస్టమ్‌కి తెలుసు కానీ ఏసీకి తెలీదు. అన్నిటికీ ఒకే బ్యాక్‌బోన్ (అంతస్తులన్నిటినీ కలిపే ముఖ్య కేబుల్ దారి), ఒకే ట్రే డిజైన్ చేసి, సిస్టమ్‌లన్నీ బ్యాక్‌నెట్ లాంటి ఓపెన్ ప్రోటోకాల్‌లో, అంటే ఏ కంపెనీ పరికరానికైనా అర్థమయ్యే ఉమ్మడి భాషలో, మాట్లాడుకోవాలని టెండర్‌లోనే రాయించండి. బ్యాక్‌నెట్ 1995 నుంచీ స్టాండర్డ్‌గా ఉంది, కొత్తదేం కాదు.

ఆర్కిటెక్ట్ గారితో ఇప్పుడే తేల్చుకోవాల్సింది నెట్‌వర్క్ గది (అంతస్తులోని కేబుల్స్ అన్నీ వచ్చి కలిసే గది) ఎక్కడన్నది. రాగి కేబుల్ గోడలో 90 మీటర్లు, రెండు చివర్లా పరికరాలకి తగిలించే పొట్టి తీగలకి (ప్యాచ్ కార్డులు) 10 మీటర్లు, మొత్తం 100 మీటర్లే. గది ఒక మూలకి పోయిందంటే అవతలి మూలకి కేబుల్ అందక అదే అంతస్తులో ఇంకో గది కావాలి, ఆ గదికి ఇంకో యూపీఎస్, రాత్రీ పగలూ ఆగని ఇంకో ఏసీ. కేబుల్స్ పై అంతస్తులకి వెళ్లే షాఫ్ట్ పక్కన, అంతస్తు మధ్యలో పెడితే చాలాసార్లు ఒక్కటే సరిపోతుంది. ఆ గదిని చలికి వణికేలా ఉంచక్కర్లేదు కూడా, సర్వర్లలోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని ఏసీ ఇంజినీర్ల సంస్థ ఆష్రే సిఫార్సు. పరికరాలు బిగించే ర్యాక్ వెనక కేబుల్స్ తెరలా వేలాడుతూ వేడి గాలిని బయటికి పోనివ్వకపోతే మాత్రం ఎంత చల్లబరిచినా చాలదు.

ప్రశ్న: నెట్‌వర్క్ కేబుల్ మీదే లైట్లు కూడా వెలిగించొచ్చట కదా సార్. నిజంగా కరెంటు ఆదా అవుతుందా? కేబుల్ కాలిపోదా?
— ఒక ఎలక్ట్రికల్ డిప్లొమా విద్యార్థి

జవాబు: దీన్ని పవర్ ఓవర్ ఈథర్‌నెట్ అంటారు బాబూ. 2003 స్టాండర్డ్‌లో ఒక పోర్టు నుంచి 15.4 వాట్లు వచ్చేవి, 2009లో 30, 2018లో వచ్చిన 802.3బీటీ అనే స్టాండర్డ్‌లో 90 దాకా. ఇక్కడ ఒక లెక్క గట్టిగా గుర్తుపెట్టుకో, నెట్‌వర్క్ స్విచ్ (కేబుల్స్ వచ్చి తగిలే పెట్టె, లైటు స్విచ్ కాదు) దగ్గర 90 వాట్లు బయల్దేరితే 100 మీటర్ల అవతల పరికరానికి 71.3 వాట్లకే గ్యారంటీ. మిగతాది దారిలో కేబుల్‌ని వేడెక్కించడానికే పోవచ్చు. అంటే వైరు వల్ల ఆదా ఏం రాదు, ప్రతి లైటునీ విడివిడిగా తగ్గించడం, ఆర్పడం కుదురుతుంది కాబట్టి ఆదా అక్కడొస్తుంది. ఎప్పుడూ ఒకేలా వెలగాల్సిన, నెట్‌వర్క్ గదికి దూరంగా ఉండే లైట్లకి మామూలు వైరింగే మంచిదని నా అభిప్రాయం. దగ్గర్లో ఉండి తక్కువ కరెంటు లాగే ఎల్‌ఈడీలకి ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే కరెంటు సగమైతే వైరులో నష్టం పావు వంతుకి పడిపోతుంది.

కాలిపోవడం సంగతికొస్తే, స్టాండర్డ్ ప్రకారం చేస్తే భయం లేదు. కానీ పవర్ నడిచే కేబుల్స్ వందేసి కలిపి జిప్ టైతో బిగించి కట్టిన కట్ట మీద చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా తగులుతుంది, కట్ట నడిమధ్యలో ఉన్న కేబుల్ పరిస్థితి ఇంకా ఘోరం. వేడెక్కే కొద్దీ సిగ్నల్ నష్టం పెరుగుతుంది, అలాంటి చోట 100 మీటర్ల లెక్క కూడా తగ్గించుకోవాలి. 24 కేబుల్స్‌కి మించకుండా చిన్న కట్టలు చేసి వెల్క్రోతో వదులుగా కట్టాలి, 24 గేజ్ బదులు 23 గేజ్ తీసుకుంటే ఇంకా నయం (గేజ్ నంబర్ తగ్గితే తీగ లావవుతుంది). అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక కేబుల్ మాత్రం దీనికి అస్సలు వద్దు, అది స్టాండర్డ్‌కి రాదు, రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి వేడీ ఎక్కువే.

ప్రశ్న: అంతా వైఫై పెట్టేస్తే కేబుల్ గొడవే ఉండదుగా?

జవాబు: సీట్ల దగ్గర తగ్గుతుంది, అది మంచిదే, ప్రతి టేబుల్‌కీ నాలుగు పాయింట్లు లాగే రోజులు పోయాయి. కానీ సీలింగ్‌లో ఉన్న ప్రతి యాక్సెస్ పాయింట్‌కీ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) డేటా, పవర్ రెండూ కేబుల్ మీదే వస్తాయి, ఒక్కో దానికి రెండేసి క్యాట్ 6ఏ కేబుల్స్ వేసుకోమని సిఫార్సు. అవి కూడా నేరుగా నెట్‌వర్క్ గది నుంచి కాకుండా సీలింగ్‌లో అక్కడక్కడ జోన్ బాక్సులు (మధ్యలో కేబుల్స్ కలిపే పెట్టెలు) పెట్టి వాటి దాకా లాగి వదిలితే, రేపు పార్టిషన్లు మారినా బాక్సు నుంచి ఆ చివరి నాలుగు మీటర్లే మార్చుకుంటారు, మిగతా కేబుల్ చెక్కుచెదరదు. స్విచ్‌లు కొనేటప్పుడు 2010లో వచ్చిన 802.3ఏజెడ్ అనే కరెంటు పొదుపు స్టాండర్డ్ ఉందో లేదో చూడండి, లింకులో డేటా నడవనప్పుడు కరెంటు తగ్గించుకుంటుంది.

ప్రశ్న: లో స్మోక్ జీరో హాలోజెన్ కేబుల్ తీసుకోమంటున్నారు, మామూలు పీవీసీకి ఏమైంది?

జవాబు: పీవీసీ కాలితే నల్లటి పొగతో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కళ్లు మండి, ఊపిరాడక, మెట్ల దారి కూడా కనపడదు. జీరో హాలోజెన్ తొడుగులో ఆ వాయువు రాదు, పొగ తక్కువ. అలాగని అది అసలు కాలదని అనుకోవద్దు, మంట ఎంత వేగంగా పాకుతుందన్నది వేరే పరీక్ష, దాని రేటింగ్ విడిగా అడగాలి. సీలింగ్ పైభాగం నుంచే ఏసీ గాలి వెనక్కి తిరిగొచ్చే డిజైన్ అయితే కొన్ని దేశాల కోడ్‌లు అక్కడ ప్లీనమ్ రేటింగ్ (గాలి తిరిగే ఖాళీలో వాడటానికి మంట, పొగ పరీక్షలు పాసైనట్టు చెప్పే రేటింగ్) ఉన్న కేబులే వాడమంటాయి, జీరో హాలోజెన్ అయినంత మాత్రాన ఆ రేటింగ్ ఉన్నట్టు కాదు. బాక్సు మీద లేబుల్ చూసి ఊరుకోకండి, కేబుల్ ఒక మీటరు బయటికి లాగి తొడుగు మీద ప్రింట్ చదవండి, క్యాటగిరీ, గేజ్, ఫైర్ రేటింగ్, మీటర్ల అంకె అన్నీ దాని మీదే ఉంటాయి, ఫోటో తీసి డ్రాయింగులతో పాటు ఫైల్లో పెట్టుకోండి.