ఏసీ ఒకటే, ఒకరికి చలి, ఒకరికి ఉక్క

ప్రశ్న: ఒంగోలులో మాది 12×14 అడుగుల పడకగది, ఒకటిన్నర టన్ను ఏసీ. ఎండాకాలం అత్తగారు, పిల్లలు, మేము అందరం అందులోనే పడుకుంటాం. మావారు 20లో పెడతారు, అత్తగారు చలికి ముడుచుకుపోతారు. 26లో పెడితే ఒళ్లంతా జిడ్డుగా ఉందని ఆయన విసుగు. ఏం చేయాలి?

జవాబు: మీవారికి కావాల్సింది 20 కాదండీ, పొడిగాలి. సముద్రం దగ్గరి ఊరు, గాల్లో తేమ ఎక్కువ. ఇన్వర్టర్ కాని ఏసీ గది 26కి రాగానే కంప్రెసర్ ఆపేస్తుంది. బ్లోయర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఏసీ లోపలి చల్లటి కాయిల్‌కి పట్టిన నీళ్లు ఆరి మళ్లీ గదిలోకే వస్తాయి. జిడ్డు అందుకే.

పడుకునే గంట ముందు తలుపులు మూసి 24లో, బ్లోయర్ హైలో నడపండి. పక్కలెక్కాక 26కి పెంచి బ్లోయర్ స్పీడు తగ్గించండి. గాలి కాయిల్ మీద నిదానంగా వెళ్తే తేమ ఎక్కువగా దిగుతుంది. సీలింగ్ ఫ్యాన్ రెండో నంబరు చాలు. ఆ గాలి తగిలితే ఒంటికి రెండు మూడు డిగ్రీలు తక్కువగా అనిపిస్తుంది. కాబట్టి ఫ్యాన్ కింద మీవారు పడుకోవాలి. అత్తగారి మంచం ఏసీ ఉన్న గోడకే వేయండి. వింతగా ఉన్నా అదే మంచి చోటు: స్వింగ్ ఆపి రెక్కను నేలకు సమాంతరంగా నిలిపితే చల్లగాలి ఆవిడ తల మీదుగా అవతలికి పోతుంది. స్వింగ్ వదిలేస్తే మాత్రం నిమిషానికోసారి ఆవిడ మీదే కొడుతుంది.

ఓ రాత్రి డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి చూడండి. ఉక్కగా ఉన్న రోజున కూడా నీళ్లు అడుగునే ఉన్నాయంటే తేమ దిగడం లేదన్నమాట. ముందు ఫిల్టర్ కడగండి, ఈ కాలంలో రెండు వారాలకోసారి కడగాల్సిందే. అయినా అంతే ఉంటే గ్యాస్ చూపించండి. ఇవేవీ చూడకుండా 20లో పెడితే బిల్లు పెరుగుతుంది. డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు తేడా అని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క.

ప్రశ్న: నెల్లూరులో చిన్న ఆఫీసు, ఆరుగురం. ఏసీకి ఎదురుగా ఉన్నవాళ్లు స్వెట్టర్ వేసుకుంటుంటే, పడమటి కిటికీ పక్కవాళ్లు మధ్యాహ్నమయ్యేసరికి చెమటతో తడిసిపోతున్నారు. కూలర్ కూడా పెట్టమంటారా?

జవాబు: వద్దు. మూసిన గదిలో కూలర్ వదిలే తేమంతా మళ్లీ ఏసీయే లాగాలి. కనిగిరి వైపు పొడి వడగాడ్పులకి, అదీ కిటికీలు తీసి పెడితేనే, కూలర్ పనికొస్తుంది.

మీ ఇబ్బంది కిటికీతో. అద్దం వేడెక్కి ఆ సెగ నేరుగా ఒంటికి తగులుతుంది. 18లో పెట్టినా అది తగ్గదు, ఎదురుగా ఉన్నవాళ్లకి చలి పెరుగుతుంది. లోపలి కర్టెన్ వల్ల కూడా పెద్దగా లాభం ఉండదు, వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. కిటికీ బయట, అద్దానికి జానెడు ఎడంగా వెదురు తడిక దించండి. ఆ మూలకో చిన్న టేబుల్ ఫ్యాన్ ఇవ్వండి. ఏసీ గాలి సూటిగా తగలకుండా కింద ప్లాస్టిక్ డిఫ్లెక్టర్ బిగించుకోవచ్చు. కానీ దాన్ని మరీ పైకి వంచితే చల్లగాలి తిరిగి ఏసీ పైభాగంలోకే పోయి, గది చల్లబడకముందే కంప్రెసర్ ఆగిపోతుంది.